అమ్మానాన్నలతో లేక్ టాహో: ఏ నెల మంచిది?

ప్రశ్న

నమస్కారం అండి. మేం కాలిఫోర్నియాలో బే ఏరియాలో ఉంటాం. అమ్మానాన్నలు మే నెలలో వచ్చారు, అక్టోబర్ చివర్లో తిరుగు ప్రయాణం. వాళ్లని ఒక్కసారి లేక్ టాహో సరస్సు ఒడ్డున ఉన్న సౌత్ లేక్ టాహో ఊరికి తీసుకెళ్లాలని నాకు గట్టిగా ఉంది. నాన్నకి 68 ఏళ్లు. ఫోటోలు చూసిన రోజు నుంచి "ఆ నీళ్లలో ఒక్కసారి దిగాలిరా" అంటున్నారు. అమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయి ఏడాదిన్నర. మామూలుగా నడుస్తుంది కానీ మెట్లు, దిగుడు దారులు కష్టం. బాబు సెకండ్ గ్రేడ్. సెలవు కలిసొస్తుందని జులై 4 లాంగ్ వీకెండ్ అనుకుంటున్నాం. అప్పుడు బాగుంటుందా, ఇంకో నెల చూడమంటారా? వాళ్లు మళ్లీ ఎప్పుడు రాగలరో తెలియదు. ఈ ఒక్క ట్రిప్ సరిగ్గా కుదరాలని నా తాపత్రయం.

జవాబు 1

జులై 4 మాత్రం పెట్టుకోకండి. పన్నెండేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. ఆ వీకెండ్‌లో ఎమరాల్డ్ బే దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. ఎక్కడో దూరంగా ఆపి, కార్లు పోతుంటే రోడ్డు వారన నడవాలి. ఆ ఎండలో అమ్మగారిని అలా నడిపించడానికి నాకైతే మనసొప్పదు.

నాన్నగారి కోరిక ఇంకా ముఖ్యం. అందరం ఎండ చూసి నెల ఎంచుకుంటాం, నీళ్ల సంగతి ఆలోచించం. టాహో లోతు 1,645 అడుగులు. అంత నీరు వేడెక్కాలన్నా, చల్లారాలన్నా నెలలు పడుతుంది. చుట్టూ కొండల మీద అడుగుల కొద్దీ మంచు పడ్డా లేక్ గడ్డకట్టకపోవడానికి కారణం అదే. మే, జూన్‌లలో పైన ఎండ కాస్తున్నా నీళ్లలో కాలు పెట్టలేకపోవడానికీ అదే కారణం. ఎండా నీరూ రెండూ అనుకూలంగా ఉండేది ఆగస్టు నుంచి సెప్టెంబర్ మధ్య దాకా.

మా మావగారిని నేను మే చివర్లో తీసుకెళ్లాను. బయట 70 డిగ్రీలు (ఫారెన్‌హీట్), అందరం టీషర్టుల్లో ఉన్నాం. ఆయన గోదావరిలో ఈత నేర్చిన మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నా చెయ్యి వదిలించుకుని మరీ దిగారు. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాయి నీళ్లు. పది అంకెలు లెక్కపెట్టేలోపే "కాళ్లు పట్టేస్తున్నాయి" అంటూ ఒడ్డుకి వచ్చేశారు. పాదాలు ఎర్రగా కందిపోయాయి. అరగంట సేపు తువ్వాలు చుట్టి కూర్చోబెట్టాం. ఆ సీజన్‌లో నీళ్లు 50 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయని నేను ముందే తెలుసుకోవాల్సింది. మళ్లీ సెప్టెంబర్‌లో తీసుకొస్తానని మాట ఇచ్చాను, ఆ అవకాశం రాలేదు. మీకు ఇంత పొడుగ్గా రాయడం అందుకే.

లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) అయిపోయిన తర్వాతి వారం వెళ్లండి, అదీ మంగళ, బుధ, గురువారాలు. బాబుకి మూడు రోజులు స్కూల్ పోతుంది, టీచర్‌కి ముందే చెప్పండి. నీళ్లు అప్పటికి 65 దరిదాపుల్లో ఉంటాయి. చల్లగానే ఉంటాయి కానీ నిలబడగలరు. పోప్ బీచ్ లాంటి ఇసుక ఒడ్డున, లోతు లేని చోట, పది పదకొండు మధ్య దింపండి. మధ్యాహ్నం గాలి లేచిందంటే అలలు మొదలవుతాయి. రాత్రిళ్లు 40కి పడిపోతుంది, స్వెట్టర్లు మర్చిపోవద్దు.

ఒక్కటే టెన్షన్, పొగ. 2021లో కాల్డర్ ఫైర్ అనే కార్చిచ్చు వల్ల ఆగస్టు 30న ఊరు మొత్తం ఖాళీ చేయించారు. మాకు ఆ లేబర్ డేకే కేబిన్ బుకింగ్ ఉంది. డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఓనర్ రెండు నెలలు తిప్పారు. ఫ్రీ క్యాన్సిలేషన్ లేని రూమ్ ఎంత చవకగా దొరికినా తీసుకోకండి.

జవాబు 2

నా ఓటు అక్టోబర్ మొదటి వారానికి. జనం ఇంకా పలచబడతారు. హోప్ వ్యాలీలో ఆస్పెన్ చెట్లు పసుపు రంగు తిరుగుతాయి. టేలర్ క్రీక్ అనే వాగులోకి కోకనీ సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తాయి. మా పాప గంటసేపు ఆ గట్టు మీదే గొంతుక్కూర్చుంది. ఒళ్లంతా ఎరుపు, తల ఆకుపచ్చ, వీపు నీళ్ల పైకి తేలి గులకరాళ్లకి రాసుకుంటూ ముందుకు పోతుంటాయి. గుడ్లు పెట్టాక అక్కడే చచ్చిపోతాయని చెబితే పాప కళ్లనిండా నీళ్లు. మీ బాబుకి జీవితాంతం గుర్తుంటుంది.

జవాబు 3

నెల ఏదైనా ఎత్తు గుర్తుపెట్టుకోండి. లేక్ మట్టమే 6,225 అడుగులు. మొదటి రోజు ఏ నడకా పెట్టుకోకండి, నీళ్లు ఎక్కువగా తాగించండి. నాన్నగారికి బీపీ ఉంటే డాక్టర్‌ని ఒక మాట అడిగి వెళ్లండి. ఎమరాల్డ్ బే ఒడ్డున వైకింగ్స్‌హోమ్ అనే పాత భవనానికి దిగే దారి మాత్రం అమ్మగారికి వద్దు. మైలు దూరం అంతా దిగుడే, తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. ఇన్‌స్పిరేషన్ పాయింట్ రోడ్డు పక్కనే, అక్కణ్ణించి ఎమరాల్డ్ బే, దాని మధ్యలో చిన్న దీవి కూర్చుని చూడొచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండి. మీ మావగారి సంగతి నాన్నకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సెప్టెంబరే పెట్టరా" అన్నారు. లేబర్ డే తర్వాతి మంగళవారం నుంచి మూడు రోజులు బుక్ చేశాను, క్యాన్సిల్ చేసుకునే వీలుంది. చేపల కోసం వీలైతే అక్టోబర్‌లో నేనూ బాబూ ఒక రోజు వెళ్లొస్తాం. పొగ సంగతి ఎన్ని రోజుల ముందు చూసుకోవాలి?

జవాబు 1 రాసినవారు

వారం ముందు నుంచి గాలి ఎంత బాగుందో చూపించే ఎయిర్‌నౌ మ్యాప్ రోజూ చూడండి, బయల్దేరే రోజు పొద్దున మరోసారి. గాలి దిశ మారితే ఒక్క రాత్రిలో అంతా మారిపోతుంది. అందులో గాలి నాణ్యత అంకె (AQI) 150 దాటితే ఆ వయసు వాళ్లతో వెళ్లొద్దు, తర్వాతి వారానికి మార్చుకోండి. తువ్వాళ్లు రెండు ఎక్కువ పెట్టుకోండి. నాన్నగారు నీళ్లలో నిలబడ్డ ఫోటో ఇక్కడ పెడితే నాకు చాలా సంతోషం.