తొమ్మిదో తరగతి బాబుని క్లాసులో ఏడిపిస్తున్నారు, స్కూలు మార్చాలా?

మాది గాజువాక. మా బాబుకి కొంచెం నత్తి. దసరా సెలవులు అయినప్పటి నుంచి పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు, లంచ్ బాక్సు తినకుండానే తెస్తున్నాడు. మద్దిలపాలెంలో ఉండే మా ఆడపడుచు కొడుకు చెబితే తెలిసింది: మావాడు పాఠం చదువుతుంటే నలుగురు పిల్లలు వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. స్కూలుకి రావద్దమ్మా అని బతిమాలుతున్నాడు. వాళ్ల నాన్నేమో మగపిల్లాడు తట్టుకోవాలి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1
అమ్మా, నేను కంచరపాలెంలో హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. బాబు తన బావకి చెప్పుకున్నాడు కదా, అది చాలా పెద్ద విషయం. ఆదివారాలు ఆ అబ్బాయిని ఇంటికి పిలవండి, అన్నీ చెప్పెయ్యమని మాత్రం మీవాణ్ణి గుచ్చి అడగొద్దు. స్కూల్లో ఏ టీచరంటే ఇష్టమో బాబునే అడిగి, ఆ ఒక్కరినే విడిగా కలవండి. వీడియో, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. పదిమందిలో ఆ పిల్లల్ని నిలదీస్తే ఆ కసి మీవాడి మీదే తీర్చుకుంటారు. లంచ్‌లో పక్కన కూర్చునే ఒక్క స్నేహితుడు దొరికితే సగం భయం పోతుంది, బెంచీ మార్చి ఆ పని టీచర్ చేయగలరు. ఇవేవీ చూడకుండా స్కూలు మార్చకండి.

జవాబు 2
ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేస్తున్నాను ఆంటీ. అండగా మనుషులుంటే ఒత్తిడి మనసుకి చేసే హాని తగ్గుతుందని 1985లో కోహెన్, విల్స్ అనే సైకాలజిస్టులు ఒక వ్యాసంలో వివరించారు. కానీ ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా క్లాసులో వేధింపు ఆగదు, దాన్ని స్కూలే ఆపాలి. రాత్రి నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక వైద్యశాల చినవాల్తేరులోనే ఉంది. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జవాబు 3
అన్నయ్యగారికి ఒక మాట. పెందుర్తిలో చదివేటప్పుడు నన్నూ బస్సులో రోజూ కొట్టేవారు. ఇంట్లో "తట్టుకో" అన్నారు. ఆ తర్వాత నేను ఇంట్లో ఏమీ చెప్పలేదు, దెబ్బలు మాత్రం ఆగలేదు. దయచేసి ఆ మాట అనకండి.

గాజువాక అమ్మ
ఈ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం. వాడు సైన్స్ మేడమ్ పేరు చెప్పాడు.