వీపీఎన్ కలిసినా ఆఫీసు సర్వర్ల పేర్లు దొరకడం లేదు

ప్రశ్న (విజయనగరం నుంచి):
అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర ఉబుంటు 22.04లో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే ఓపెన్‌వీపీఎన్ వాడుతున్నాను. ఐపీ చిరునామా ఇస్తే ఆఫీసు సర్వర్ తెరుచుకుంటోంది కానీ, పేరు ఇస్తే దొరకడం లేదు. పేర్ల కోసం ఏ సర్వర్‌ను అడగాలో చెప్పే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలులో 127.0.0.53 అని మాత్రమే ఉంది. దాన్ని మార్చేయమంటారా?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
దయచేసి మార్చకండి. అది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ (పేర్లకు ఐపీలు వెతికే ప్రోగ్రామ్) వినే స్థానిక చిరునామా కనుక అక్కడ తప్పేమీ లేదు. ఐపీతో పని జరుగుతోందంటే వీపీఎన్ దారి బాగానే ఉన్నట్టు. టెర్మినల్‌లో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ నడిపి, టన్0 (వీపీఎన్ కనెక్షన్) కింద పేర్లకు ఐపీ చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌తో పాటు డొమైన్ (సర్వర్ పేర్ల చివర వచ్చే ఆఫీసు పేరు) కూడా ఉందో లేదో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
సర్వర్ ఉందండీ, డొమైన్ లేదు. ఆఫీసు నెట్‌వర్క్‌కు మాత్రమే వీపీఎన్ వాడాలనే గడిలో టిక్కు పెట్టాను.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
కారణం అదే. ఏ పేర్లను ఆ సర్వర్‌ను అడగాలో తెలియనందువల్ల మీ కంప్యూటర్ ఇంటి రౌటర్‌నే అడుగుతోంది. లోపలి పేర్లు దానికి తెలియవు. ఎన్ఎమ్‌సీఎల్ఐ (నెట్‌వర్క్ అమరికలు మార్చే కమాండ్)తో ఆ కనెక్షన్‌లోని ‘ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్’కు ఆఫీసు డొమైన్ ఇచ్చి, వీపీఎన్‌ను తెంపి మళ్లీ కలపండి.

మరొకరి జవాబు:
డొమైన్ ముందు టిల్డా గుర్తు (~) పెడితే పూర్తి పేరు రాయాల్సి ఉంటుంది, పెట్టకపోతే డొమైన్ లేని పొట్టి పేరూ పలుకుతుంది. టిల్డా, చుక్క మాత్రమే ఇస్తే ప్రశ్నలన్నీ ఆఫీసుకే వెళ్తాయి. ఇంటి రౌటర్‌కు మాత్రమే తెలిసిన ప్రింటర్ పేరు అప్పుడు దొరకకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
టిల్డా లేకుండా ఇచ్చాను, పేర్లు దొరుకుతున్నాయి. ఇద్దరికీ మనసారా కృతజ్ఞతలు.