సొక్కియా, చొక్కియా?

అడిగినవారు: పోతన పాదం ఒకటి నిన్నట్నుంచి పీకుతోంది. "సొమ్ములు కొన్ని పుచ్చుకొని..." తర్వాత సొక్కియా, చొక్కియా? వీడియోగేముల కంపెనీ అటారీ ప్రోగ్రామర్ వారెన్ రాబినెట్ మీద వ్యాసం రాస్తున్నా, పైన పెడదామని. ఏడాదికి 22,000 డాలర్ల జీతగాడు. ఆయన చెప్పిన లెక్కే, ఆయన రాసిన 'అడ్వెంచర్' ఆట 25 డాలర్ల చొప్పున పది లక్షల కాపీలు అమ్ముడుపోయింది. డబ్బా మీద ఆయన పేరే లేదు.

పద్యప్రియ: చొక్కి. మా తాతగారి ప్రతిలో చకారమే.

గణవిభజన: తాతగారినెందుకులెండి, యతి చూద్దాం. ఉత్పలమాల, పాదం మొదటి అక్షరానికి పదో అక్షరం కలవాలి. సొకి సొ సరే, చొ కూడా సరే. చ-స మైత్రి ఉందిగా! యతి తేల్చదు.

పద్యప్రియ: అర్థం తేలుస్తుంది. చొక్కడం మైమరుపు. సొమ్ము చూసి చొక్కాడు.

పాతపుస్తకం: నాకైతే సొక్కి సొమ్మసిల్లికి చుట్టం అనిపిస్తుంది. వెంటనే "శరీరము వాసి" ఉంది కదా, పోయే ముందు సోలిపోవడం.

గణవిభజన: నిఘంటువులు రెంటినీ ఒకటే అంటాయండీ.

పాతపుస్తకం: నిఘంటువు పద్యం చదవదు.

మూలాక్షరి: అసలు ఈ పద్యం ఆయనకు నప్పదు. పోతన భాగవతాన్ని రాజుకివ్వనన్నాడు. రాబినెట్ ఆటను కంపెనీకి ఇచ్చేసి, లోపల పేరు దాచుకున్నాడు. క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రలాగా.

పద్యప్రియ: మువ్వగోపాలుడు దేవుడండీ, క్షేత్రయ్య కాదు. సొంత పేరంటే వేమన.

మూలాక్షరి: వేమన దాచాడా? నాలుగో పాదంలో అందరికీ వినపడుతుంది. చక్రబంధం అనండి, చక్రంలా రాసే పద్యం, దాని ఆకుల్లో అక్షరాలు ఏరితే తప్ప కవి పేరు రాదు.

అడిగినవారు: చక్రబంధమే! ఆటలోని నల్లకోటలో బూడిదరంగు నేల మీద బూడిదరంగు చుక్క, ఒక్క పిక్సెల్. అది తెచ్చి పసుపుకోట కింది గదిలో పెట్టి, ఇంకో రెండు వస్తువులు చేరిస్తే తెర మినుకుమంటుంది, గోడలోంచి దూరొచ్చు. అవతల ఆయన పేరు నిలువుగా మెరుస్తుంది. ఇదంతా 4 కిలోబైట్లలో. 1979లో ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం మానేశాడు. మరుసటి ఏడాది సాల్ట్ లేక్ సిటీ కుర్రాడొకడు కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకే తెలియదు.

గణవిభజన: తీసేయలేదా?

అడిగినవారు: చిప్ మళ్ళీ అచ్చేయించాలంటే ఖర్చని వదిలేశారు. పైగా అటారీలోని స్టీవ్ రైట్ ఇలా ఆటలో దాచినదానికి 'ఈస్టర్ ఎగ్' అని పేరు పెట్టాడు. రాబినెట్ 1980లో ద లెర్నింగ్ కంపెనీ అనే చదువు సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టినవారిలో ఒకడు.

పాతపుస్తకం: ఈస్టర్ ఎగ్‌కి తెలుగు? గూఢముద్ర?

పద్యప్రియ: దానికి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ చకారం తేలలేదు.

అడిగినవారు: వ్యాసం పంపేశానండీ. సొక్కి అనే పెట్టా.

పద్యప్రియ: తాతగారి ప్రతి అటకమీదుంది. రాత్రికి ఫోటో పెడతా.