11.5 అంగుళాల బొమ్మకి లంగా జాకెట్టు: మిషన్ లేకుండా, వంద రూపాయల్లో కుదురుతుందా?

ప్రశ్న: కొలువు_పని

సంక్రాంతి కొలువులో పెట్టడానికి బార్బీ సైజు బొమ్మకి లంగా, జాకెట్టు చేత్తో కుట్టాలి. టైలర్ షాపు నుంచి తెచ్చిన కటింగ్ ముక్కలున్నాయి: ఒక పట్టు ముక్క, కొంచెం పాప్లిన్, ఒక పాత మల్ (పల్చటి నూలు గుడ్డ) చున్నీ. కొత్తగా పెట్టగలిగేది వంద రూపాయలే. పాప్లిన్‌తో కుట్టిన మొదటి జత ఇలా వచ్చింది: లంగా గొడుగులా నిలబడింది, నడుం దగ్గర టైరు కట్టినట్టుంది, జాకెట్టు వెనక రెండు వైపులూ కలవట్లేదు, చంకలో పోగులు ఊడొస్తున్నాయి. పట్టు ముక్క ఒక్కటే ఉంది కాబట్టి దాన్ని కత్తిరించే ముందే తప్పెక్కడో తెలియాలి.

జవాబు: సూదీదారం

గొడుగు, టైరు రెండూ ఒకే జబ్బు. బొమ్మ మనిషిలో ఆరో వంతు ఉంటుంది, గుడ్డ మందం మాత్రం మనం కట్టుకునేదే. అందుకని పొరలు తగ్గించడమే అసలు పని.

ముందు ఘేరు, అంటే లంగా చుట్టూ పట్టే గుడ్డ వెడల్పు లెక్క. నడుం దాదాపు 3.5 అంగుళాలు, వెనక ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి అర అంగుళం, మొత్తం 4. మల్ అయితే 16 అంగుళాల వెడల్పు తీసుకోవచ్చు, మెత్తగా జారుతుంది. పాప్లిన్‌కి 9, 10 దాటితే నిలబడుతుంది. పట్టుకి దారం లాగి చేసే కుచ్చు వద్దు, మడత కుచ్చులే పెట్టండి. పైకి పావు అంగుళం కనిపించే కుచ్చుకి ముప్పావు అంగుళం గుడ్డ పడుతుంది. 4 అంగుళాల నడుముకి 16 కుచ్చులు, అంటే 12 అంగుళాలు. పక్క కుట్లకి అర అంగుళం కలిపి 12.5 కత్తిరించండి. అన్ని కుచ్చులూ ఒకే వైపుకి తిరగాలి.

కింద అంచు మడవడం, జరీ లేసు వేయడం గుడ్డ పరిచి ఉన్నప్పుడే అయిపోవాలి. కుచ్చులు పెట్టాక ఆ పని చేస్తే అంచు ఎగుడుదిగుడు అవుతుంది. లేసు పావు అంగుళం మించకూడదు. బొమ్మ మీద అర అంగుళం అంచంటే మన లంగాకి 3 అంగుళాల అంచు. బుటాలకీ ఇదే లెక్క.

టైరుకి కారణం నడుం పట్టీ. మామూలుగా మడిచి కుడితే పట్టీయే నాలుగు పొరలు, మధ్యలో కుచ్చులు. దాని బదులు కుచ్చుల కొసని 3 మిల్లీమీటర్లకి కత్తిరించి, దాని మీద పావు అంగుళం శాటిన్ రిబ్బన్ పరిచి రెండు అంచులూ సన్నగా కుట్టేయండి. పైన జాకెట్టు వస్తుంది కాబట్టి రిబ్బన్ కనపడదు. తుంటి 5 అంగుళాల దాకా ఉంటుంది, వెనక అంగుళంన్నర చీలిక వదలకపోతే లంగా ఎక్కదు.

కుచ్చులు పడుకోవాలంటే, మల్ లంగాని తడిపి, బొమ్మకి పాలిథిన్ చుట్టి దాని మీద తొడిగి, పైనుంచి కింద దాకా దారం చుట్టి రాత్రంతా ఆరనివ్వండి. పట్టు మీద మాత్రం నీళ్లు చల్లకండి, మరక ఉండిపోతుంది. కుచ్చుల కింది కొసలు కచ్చా కుట్టుతో (తర్వాత లాగేసే వదులు కుట్టుతో) కలిపి, పైన పల్చటి గుడ్డ వేసి, తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయండి.

జవాబు: బుట్టచేతులు

జాకెట్టు ఎందుకు కలవలేదంటే, ఛాతీ కొలతకి కాస్త కలిపి కత్తిరించి ఉంటారు. ఒకసారి కూడండి: ఛాతీ 5.25, వదులుకి 0.25, వెనక ఎక్కడానికి 0.25, వెనక అంచులు లోపలికి మడవడానికి 0.5, రెండు పక్క కుట్లకి 1. మొత్తం 7.25 అంగుళాలు. బొమ్మకీ బొమ్మకీ తేడా ఉంటుంది, మీ బొమ్మకి దారం చుట్టి ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూడండి. టేపు ఇంత చిన్న ఒంటి మీద సరిగ్గా వంగదు.

నమూనాకి ఖర్చు అక్కర్లేదు. బొమ్మ ఒంటికి పాలిథిన్ చుట్టి, దానిమీద కాగితం టేపు అతికించి, మెడ, చంక, భుజం, పక్క గీతలు పెన్నుతో గీయండి. గీతల వెంట కత్తిరించి పరిస్తే ముక్కలు వచ్చేస్తాయి. చుట్టూ పావు అంగుళం వదిలి గుడ్డ మీద గీసుకోండి. ముందే 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తే కుట్టేలోపు పోగులు ఊడి ఏమీ మిగలదు. కుట్టాకే 3కి తగ్గించాలి.

మెడని విడిగా మడవకండి. చీర ఫాల్ ముక్క లైనింగ్‌గా వేయండి. దాదాపు 5 అంగుళాల వెడల్పు ఉంటుంది కాబట్టి జాకెట్టుకి చాలినంత. ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి పైగుడ్డ ఉబ్బుతుంది. పైగుడ్డకీ లైనింగ్‌కీ భుజాలు విడివిడిగా కుట్టి, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి మెడ, వెనక అంచులు కుట్టి, మెడ వంపులో 3 మిల్లీమీటర్లకి ఒక చిన్న గాటు పెట్టి తిప్పండి. గాటు కుట్టుని తాకకూడదు.

తర్వాత చేతులు. పక్కలు కలిపాక చంకలోకి చేయి ఎక్కించడం ఈ సైజులో నరకం. ముందు చేతి అంచు మడిచి, జాకెట్టు విప్పి పరిచి ఉండగానే చేయిని చంకకి కుట్టి, ఆపైన చేతి అంచు నుంచి చంక మీదుగా నడుం దాకా ఒకే కుట్టు లాగండి. 10వ నంబరు సూది, ఒంటి పోగు దారం, కుట్టు 2 మిల్లీమీటర్లు. చంక దగ్గర వెనక్కి కుట్టు (ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి తెచ్చి కుట్టేది) తప్పనిసరి, అక్కడే బలం పడుతుంది.

తొడిగేటప్పుడు బొమ్మ వేళ్లు లైనింగ్‌కి పట్టుకుంటాయి. బొమ్మ చేతికి చిన్న పాలిథిన్ ముక్క చుట్టి తొడిగితే జారుకుంటూ వెళ్తుంది.

ఖర్చు: సూదుల పేకెట్, ఒక దారపు రీలు, ఒక ఫాల్, ఒక మీటరు రిబ్బన్. మ్యాచింగ్ సెంటర్‌లో వందకి అటూ ఇటూగా అయిపోతుంది. హుక్కులు కొనొద్దు. పాత దండలోని చిన్న పూస, దారంతో అల్లిన లూప్ చాలు. మూడేళ్లలోపు పిల్లలు ఆడే బొమ్మకైతే పూస వద్దు.

జవాబు: కత్తెర_కొస

పోగులకి: గీసిన గీత మీద నీళ్లు కలిపిన ఫెవికాల్, ఒక వంతుకి రెండు వంతుల నీళ్లు, అగ్గిపుల్లతో సన్నగా రాసి, ఆరాక కత్తిరించండి. ఒక్క పోగూ ఊడదు.

జవాబు: సూదీదారం

పాప్లిన్‌కి సరే. పట్టుకి మాత్రం తడి మరక పైకి కనిపిస్తుంది, ముందు కొస ముక్క మీద చూడండి. పైగా ఉతికితే ఆ ఫెవికాల్ మెత్తబడుతుంది. ఇంకోటి, అది నిజంగా పట్టేనా? ఒక పోగు లాగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే పొడైపోతే పట్టు. కరిగి గట్టి ముత్యంలా అయితే పాలిస్టర్. పాలిస్టర్ అయితే వెలుగుతున్న అగరుబత్తీ కొసని అంచు వెంట దూరం నుంచే పోనిస్తే పోగులు అతుక్కుంటాయి. అసలు పట్టుకి అలా చేస్తే అంచు మాడిపోతుంది.

కొలువు_పని

కాల్చి చూస్తే ముత్యమే వచ్చింది! ముదురు ఎరుపు రంగు ముక్క అది. బొమ్మ ఒంటికి రంగు అంటదు కదా? ఇంకో మాట, కొలువులో తిరుపతి ఎర్రచందనం జంట కూడా ఉంది, వాళ్లకీ ఇదే పద్ధతా?

జవాబు: బుట్టచేతులు

అంటుతుంది. ప్లాస్టిక్ ఒంట్లోకి దిగిన ఎరుపు మళ్లీ రావడం కష్టం. తెల్ల గుడ్డని తడిపి ఆ ముక్క మీద గట్టిగా రుద్దండి. రంగు దిగితే ముక్కని ఉప్పునీళ్లలో వేసి సరిపెట్టుకోకండి, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. అయినా జాకెట్టుకీ లంగాకీ తెల్ల లైనింగ్ ఉండాల్సిందే. లంగాకి మల్ చున్నీ వాడండి, ఫాల్ వేస్తే మళ్లీ గొడుగే. కొలువు ఎత్తగానే బట్టలు విప్పి విడిగా పెట్టండి.

చెక్క జంటకి ఈ పద్ధతి కుదరదు. చేతులు ఒంటితో కలిపి చెక్కి ఉంటాయి, కదలవు. జాకెట్టు చేతుల్లోకి ఎక్కదు. ఆవిడకి కుచ్చులు ముందే కుట్టిన లంగాని నడుం వెనక నాడాతో కట్టి, పైన ఒక మల్ ముక్కని పైటలా తిప్పి, వెనక రెండు టాకాలు (చిన్న కుట్లు) వేయండి. ఆయనకి తెల్ల మల్ ముక్క, ఒక పక్క సన్న జరీ. పంచె కుచ్చిళ్లు మూడు చాలు, నాలుగోది పెడితే పొట్ట వచ్చినట్టుంటుంది. గుండు సూదులు చెక్కకి గుచ్చకండి, గీతలు పడతాయి.