లోతు సముద్రపు ఆక్టోపస్ వయసును ముక్కు గీతలు చెప్పగలవా?

తీరవాసి: సాధారణ ఆక్టోపస్, అంటే ఆక్టోపస్ వల్గారిస్ ముక్కును (నోట్లో ఉండే, చిలుక ముక్కులాంటి గట్టి దవడలను) నిలువుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని పెరుగుదల గీతలు కనబడతాయి. రోజుకొక గీత చొప్పున వయసు లెక్కిస్తారు. పసిఫిక్ లోతుల్లో బతికే గ్రానెలెడోన్ బోరియోపసిఫికాకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదు? ఆ ముక్కు కైటిన్ (పీత పెంకులో ఉండే గట్టి పదార్థం), ప్రోటీన్లతో ఎంత గట్టిగా తయారవుతుందంటే తిమింగలం కడుపులో పడినా జీర్ణం కాదు. అంతకన్నా నమ్మకమైన ఆధారం ఏముంది?

నీలిలోతు: జీర్ణం కాకపోవడం వేరు, రోజులు నమోదు కావడం వేరు. వల్గారిస్ విషయంలో బతికున్న జంతువులకు రసాయనంతో గుర్తు పెట్టి, ఆ తరువాత ఏర్పడిన గీతలను గడిచిన రోజులతో సరిచూశారు. ఆ పరీక్ష లేకుండా ఈ లెక్కను లోతు జాతికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. పైగా ఇది అడుగున తిరిగే నత్తలను గుల్లతో సహా నలిపి తింటుంది. ఆ పనిలో ముక్కు కొన అరుగుతుంది, తొలినాటి గీతలు దానితోనే పోతాయి.

తీరవాసి: కొన అరుగుతుందనే కదా ముక్కు పక్కగోడల మీది గీతలు కూడా లెక్కపెడుతున్నది! చీకట్లో బతికే జీవికైనా శరీరంలో సొంత గడియారం ఉండవచ్చు.

నీలిలోతు: ఉండవచ్చు. మరి తిండి మానేసినప్పుడు ఆ గడియారం గీత గీయడానికి సరుకు ఎక్కడిది? కాలిఫోర్నియా దగ్గర మాంటెరే అనే సముద్రగర్భ లోయలో, దాదాపు 1,400 మీటర్ల లోతున, 3 డిగ్రీల నీటిలో ఈ జాతి తల్లి ఒకటి 2007 నుంచి 2011 దాకా 53 నెలలు గుడ్లను పొదిగింది. సముద్ర శాస్త్రవేత్త బ్రూస్ రాబిసన్ బృందం రిమోట్ జలాంతర యంత్రంతో మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసింది. ఒక్కసారి కూడా అది తింటూ కనబడలేదు. యంత్రపు చేత్తో పీత ముక్కలు అందించినా ముట్టలేదు. చర్మం పాలిపోయింది, కళ్ళు మసకబారాయి, ఒళ్ళు కుంచించుకుపోయింది. ఒంటినే కరిగించుకుంటున్న జీవి ముక్కును మాత్రం రోజూ పెంచుకుందని నేను నమ్మలేను. మీ లెక్కే నిజమైతే, ఆ 53 నెలలకే దాని ముక్కులో సుమారు 1,600 గీతలు పడి ఉండాలి. పొదుగుతూ చనిపోయిన తల్లుల ముక్కులు సేకరించి ముందు ఆ సంఖ్య చూపించండి. గీతలు అంతకన్నా బాగా తక్కువగా ఉంటే, మీరు చెప్పే వయసులో నాలుగేళ్ళకు పైగా గల్లంతైనట్టే.