పెళ్లి వీడియోలకు ఎస్ఎస్‌డీ: రెండు వేలు ఎక్కువ పెట్టొచ్చా?

తిరుచానూరు స్టూడియో:
అందరికీ నమస్కారం. తిరుచానూరు రోడ్డులో చిన్న ఫోటో స్టూడియో నాది. ఏడాదికి అరవై పెళ్లిళ్ల దాకా చేస్తాం, ఒక్కో పెళ్లికి 120 జీబీ వస్తుంది. ఎడిటింగ్ సిస్టమ్ పాతది, కొత్త రకం డ్రైవ్‌లు పెట్టే ఎం.2 స్లాట్ లేదు, పాత పద్ధతిలో కేబుల్‌తో తగిలించే సాటానే గతి. శాంసంగ్ ఎస్ఎస్‌డీల్లో (తిరిగే డిస్క్ లేకుండా చిప్పుల్లో దాచే డ్రైవ్‌లు) 870 క్యూవీఓ, 870 ఈవీఓ చూశాను, రెండూ 1 టీబీ. క్యూవీఓకు 360 టీబీడబ్ల్యూ (వారంటీ లెక్కలో మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చో అది), మూడేళ్ల వారంటీ. ఈవీఓకు 600, ఐదేళ్లు. ఈవీఓకు రెండు వేలు ఎక్కువ చెబుతున్నారు.

పోయిన శ్రావణంలో ఊరూ పేరూ లేని ఎస్ఎస్‌డీ ఒకటి ముంచింది. రాత్రి బాగానే ఉంది, పొద్దున బయోస్‌లోనే (సిస్టమ్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) కనబడలేదు. పెళ్లికూతురి తండ్రి వచ్చి కూర్చుని, "ఏం నాయనా, తలంబ్రాలు మళ్లీ పోయించమంటావా?" అన్నాడు. అందుకే గట్టిదే కొనాలని ఉంది. కానీ ఇది మూఢం, చేతిలో డబ్బు ఆడటం లేదు. ఏం చేయమంటారు?

చిత్తూరు సర్వీసు షాపు:
అన్నా, ముందు లెక్క వేద్దాం. అరవై పెళ్లిళ్లు, 120 జీబీ చొప్పున ఏడాదికి 7.2 టీబీ. రెండర్లు (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తీయడం), "ఆ పాట మార్చండి" అనే కస్టమర్ల కోరికలు కలిపి 15 అనుకోండి. 360 రాయడానికి 24 ఏళ్లు పడుతుంది. ఈలోపు ఈ పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల పెళ్లికి కూడా మీరే వీడియో తీస్తుంటారు. టీబీడబ్ల్యూ కోసమైతే రెండు వేలు దండగ.

నా బల్ల మీదికొచ్చిన ఎస్ఎస్‌డీల్లో రాసి రాసి అరిగిపోయింది ఒక్కటీ లేదు. కంట్రోలర్ (డ్రైవ్‌ను నడిపే చిప్పు) పోయినవీ, కరెంటు దెబ్బ తిన్నవీ వస్తాయి. అవి చెప్పి పోవు.

అసలు తేడా వేగంలో ఉంది. క్యూవీఓలో డేటా దాచే ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కూరుతారు, ఈవీఓలో మూడు. ఎక్కువ కూరితే రాయడం నిదానం. 1 టీబీ క్యూవీఓ మొదటి 42 జీబీ వరకే పరుగెత్తుతుంది, ఆపైన సెకనుకు 80 ఎంబీకి పడిపోతుంది. ఈవీఓ 530 దగ్గరే ఉంటుంది. ఒక పెళ్లి మొత్తం ఇంకో ఎస్ఎస్‌డీ నుంచి ఎక్కించాలంటే ఈవీఓకు నాలుగు నిమిషాలు చాలు, క్యూవీఓకు పదిహేడు పైనే.

భవానీ నగర్ కుర్రాడు:
అన్నది నిజమేగానీ, ఈయన ఎక్కించేది కెమెరా కార్డు నుంచి కదా? మామూలు యూహెచ్ఎస్-వన్ రకం మెమరీ కార్డు సెకనుకు 90 ఎంబీ దగ్గరే ఆగుతుంది. కార్డే అంత నిదానమైతే ఈవీఓ మాత్రం ఏం చేస్తుంది? మొత్తం మీద రెండు నిమిషాల తేడా. టీ చల్లారేలోపు అయిపోతుంది.

చిత్తూరు సర్వీసు షాపు:
ఒప్పుకున్నా తమ్ముడూ, కార్డు సంగతి మరిచాను. ఒకటి మాత్రం చూసుకోండి స్టూడియో అన్నా, క్యూవీఓను గొంతు దాకా నింపొద్దు. నిండేకొద్దీ ఆ 42 తగ్గుతూ 6 జీబీకి వస్తుంది. ఇంకో మాట, వారంటీలో కొత్త డ్రైవ్ వస్తుంది, తలంబ్రాలు రావు.

తిరుచానూరు స్టూడియో:
ఆ చివరి మాట గట్టిగా తగిలింది సామీ. క్యూవీఓనే తీసుకుంటా. మిగిలే రెండు వేలకు ఇంకాస్త వేసి హార్డ్ డిస్క్ ఒకటి కొని, కార్డు ఖాళీ చేసేముందే రెండో కాపీ దాంట్లో పెడతా. యూపీఎస్ బ్యాటరీ కూడా చచ్చి ఏడాదైంది, అదీ మార్చాలి. మళ్లీ ముహూర్తాలు మొదలవ్వనీ.

చిత్తూరు సర్వీసు షాపు:
బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పోయినదానికి బిల్లు ఉందా అసలు?

తిరుచానూరు స్టూడియో:
దాని గురించి అడక్కండి.