హెంప్ పూగుత్తుల్లో దూరిన పురుగు: గుర్తింపు, నివారణపై సందేహం

ప్రశ్న:

నమస్కారమండీ. పూల కోసం వేసిన హెంప్ (మత్తు గుణం చాలా తక్కువగా ఉండే గంజాయి జాతి మొక్క) పంట ఇప్పుడు నిండు పూతలో ఉంది. నాలుగు రోజులుగా కొన్ని పూగుత్తుల మధ్యలో ఒక్కొక్క చిన్న ఆకు మాత్రం పాలిపోయి ఎండిపోతోంది. అలాంటి ఆకును రెండు వేళ్లతో పట్టి లాగితే తేలికగా ఊడి వచ్చింది. దాని అడుగున గుత్తి లోపలికి ఒక బొరియ, ఆవగింజకన్నా చిన్నవైన తడి నల్లటి ఉండలు, వాటి వెనక ఒక పచ్చని పురుగు కనిపించాయి. అదే మొక్కపై మరో గుత్తిలో దొరికిన పురుగు గోధుమ రంగులో ఉంది. ఇవి రెండు రకాల పురుగులా? కోతకు ఇంకా మూడు వారాలుంది. ఏ మందు కొట్టమంటారు?

సమాధానం:

మందు పేరుకన్నా ముందు పురుగు పేరు తేల్చుకోవాలండీ, ఎందుకంటే ఈ పంటపై పనికొచ్చే మందుల్లో కొన్ని ఒక్క జాతి పురుగులనే చంపుతాయి. ఇంకొక మాట కూడా చెప్పాలి. జనుముకు, గోగుకు కూడా హెంప్ అనే పేరు వాడుకలో ఉంది కనుక, జనుముపై వచ్చే బొచ్చు పురుగుకు ఎవరో ఇచ్చిన సలహాను ఈ పంటకు వర్తింపజేసుకునే ప్రమాదం ఉంది. ఆ రెండూ వేరే మొక్కలు, వాటి పురుగులూ వేరు.

మీరు వర్ణించిన తీరును బట్టి ఇది హెలికోవెర్పా జాతి పురుగు, అంటే శనగను, పత్తిని, మొక్కజొన్న కంకిని తినే శనగపచ్చ పురుగు కుటుంబానిదే అయి ఉండాలి. రంగును బట్టి దీన్ని పోల్చుకోవాలనుకుంటే పొరపాటు పడతాము. ఒకే తల్లి పురుగు పెట్టిన గుడ్ల నుంచి వచ్చినవాటిలోనే పచ్చనివి, పసుపువి, గులాబీ, గోధుమ, నలుపు రంగులవి ఉంటాయి. ఎదిగిన పురుగును అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూడండి. పొట్ట మధ్యభాగంలో నాలుగు జతల కండగల కాళ్లు, చివర ఒక జత, ఒంటిపై అక్కడక్కడా పలచని వెంట్రుకలు, చర్మమంతా సన్నని ముళ్లతో గరుకుగా ఉంటే ఇదే పురుగు. చర్మం నున్నగా ఉంటే లద్దెపురుగు అని అనుమానించాలి. పొట్ట మధ్యలో రెండు జతల కాళ్లే ఉండి నడిచేటప్పుడు వీపు విల్లులా వంచుతుంటే అది దాసరి పురుగు. గుడ్లు దొరికితే పని మరింత సులువు. హెలికోవెర్పా గుడ్లు ఒక్కొక్కటిగా, అర మిల్లీమీటరు పరిమాణంలో, నిలువు గీతలున్న చిన్న గుమ్మటాల్లా ఉంటాయి. లద్దెపురుగు గుడ్లయితే కుప్పగా పెట్టి, పైన నూగు కప్పి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:

చూశానండీ, నాలుగు జతల కాళ్లున్నాయి, చర్మం గరుకుగానే ఉంది. పురుగులు ఒకటి అంగుళం పైనే, కొన్ని అర అంగుళం లోపు. కొన్ని గుత్తులపై తెల్లని గుడ్లు, గోధుమ రంగు వలయం పడిన గుడ్లు కూడా కనిపించాయి. మరి ఇప్పుడు బి.టి. కొట్టవచ్చునా?

సమాధానం:

కొట్టవచ్చు, కానీ అది దేనిపై పనిచేస్తుందో తెలిసి కొట్టాలి. బి.టి. కుర్‌స్టాకి అనే ఈ సూక్ష్మజీవి మందు పురుగు కడుపులోకి వెళితేనే చంపుతుంది, ఒంటిపై పడినంత మాత్రాన ఏమీ కాదు. గుత్తి లోపల కూర్చుని తింటున్న అంగుళం పురుగుకు ఆ మందు చేరదు, చేరినా ఎదిగిన పురుగుపై దాని ప్రభావం తక్కువ. నేను మొదటి ఏడాది పెద్ద పురుగులు కంటబడ్డాకే పిచికారీ మొదలుపెట్టి, రెండు వారాలు వృథా చేసుకుని, ఆ పూతలో చాలా భాగం పోగొట్టుకున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: వలయం పడిన గుడ్డు మీకు అసలైన గడియారం, ఎందుకంటే అది పగిలే సమయం దగ్గర పడినట్టు. వెచ్చని వాతావరణంలో పెట్టిన మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది, పిల్ల పురుగు కాసేపు పైపైన తిరిగి, కొరికి చూసి, ఆ తరువాతే లోపలికి దూరుతుంది. ఆ కొద్దిపాటి వ్యవధిలో గుత్తి పైభాగమంతా మందు అంటి ఉండాలి.

ఎండకు బి.టి. త్వరగా నిర్వీర్యమవుతుంది కనుక సాయంత్రం పొద్దు వాలాక కొట్టండి, గుడ్లు కనిపిస్తున్నంత కాలం సుమారు ఐదారు రోజులకొకసారి తిరిగి కొట్టండి. హెలికోవెర్పాకు ప్రత్యేకించిన ఎన్.పి.వి. (పురుగుకు జబ్బు తెచ్చే వైరస్) ద్రావణం కూడా చిన్న పురుగులపై బాగా పనిచేస్తుంది, అయితే అది కడుపులోకి వెళ్లిన పురుగు చావడానికి కొన్ని రోజులు పడుతుంది. తలకిందులుగా వేలాడుతున్న మెత్తబడిన పురుగు కనిపిస్తే మందు అందినట్టే. ఏ మందైనా దాని లేబుల్‌పై హెంప్ పేరు ఉంటేనే వాడాలి. పూల నుంచి నూనె తీసేటప్పుడు మందు అవశేషాలు కూడా నూనెతోపాటే చిక్కబడతాయి. పైరెథ్రాయిడ్ రకం రసాయన మందులు కొడితే పురుగు గుడ్లను తినే చిన్న మిత్ర నల్లులు, ఆ గుడ్లలోనే పెరిగే ట్రైకోగ్రామా అనే సన్నని కందిరీగలు చచ్చిపోయి, తరువాతి గుడ్ల దండును అడ్డుకునేవి ఉండవు.

ఇప్పటికే లోపలున్న పెద్ద పురుగులకు చేత్తో ఏరడమే దారి. ఇవి ఒకదానినొకటి తింటాయి కాబట్టి పెద్ద పురుగు సాధారణంగా గుత్తికొకటే ఉంటుంది. నల్లటి ఉండలు కనిపించిన చోట విప్పి తీసేయండి, బూడిద రంగు బూజు పట్టిన భాగాన్ని మాత్రం పొడిగా ఉన్న వేళ కత్తిరించి సంచిలో వేసి తోటనుంచి తీసుకుపోండి. పురుగు చేసిన గాయం, అక్కడ నిలిచిన విసర్జన కలిసి ఆ బూజుకు చోటిస్తాయి. చాలాసార్లు నష్టంలో ఎక్కువ వాటా పురుగు తిన్నదానిది కాదు, ఆ బూజుదే.

మరొక సభ్యులు:

మా పంటలో పూగుత్తులు బాగానే ఉన్నాయి గానీ కాండం కణుపుల దగ్గర ఉబ్బి, విరిచి చూస్తే లేత గులాబీ రంగు చిన్న పురుగు ఉంటోంది. ఇదీ అదేనా?

సమాధానం:

కాదండీ. సెంటీమీటరుకు మించని, కాండంలో దూరి ఉబ్బులు కలిగించే ఆ పురుగు హెంప్ కాండం తొలిచే పురుగు అయి ఉండవచ్చు. అది ఎక్కువగా కాండం లోపలే ఉంటుంది, గుత్తుల్లోని గింజలనూ తింటుంది. కాండం లోపలికి పిచికారీ చేరదు కనుక ఈ ఏడాది చేయగలిగింది తక్కువ. కోత తరువాత మోళ్లను, రాలిన గుత్తులను పొలంలో వదలకండి, ఎందుకంటే చలికాలమంతా అది వాటిలోనే గడుపుతుంది. ఒక కాండాన్ని నిలువుగా చీల్చి వెలుతురులో తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.